అంతరించిపోతున్న చెట్టును ల్యాబ్‌లో కాపాడాలంటే: ఫ్రీజ్ చేసేముందు తిరిగి బతికించే దారి చూసుకోండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. అడవిలో కొన్ని పదుల చెట్లు మాత్రమే మిగిలిన ఒక జాతి ఉంది. దాని విత్తనాలు రాలిన కొద్ది వారాలకే మొలిచే శక్తి కోల్పోతున్నాయి. మీ చేతిలో ఒక చిన్న టిష్యూ కల్చర్ ల్యాబ్, అంటే మొక్క ముక్కలను సీసాల్లో పెంచే ల్యాబ్ ఉంది. ఒకట్రెండు చెట్ల నుంచి కణుపులు తెచ్చి వేల మొక్కలు చేసి, కొన్ని చిగురు కొనలను అతి చల్లని లిక్విడ్ నైట్రోజన్‌లో దాచేస్తే ఆ జాతి గండం నుంచి గట్టెక్కినట్టేనా అని అడిగారు.

గట్టెక్కినట్టు కాదు. అలాగని పని మానుకోమనడం లేదు, ఈ సీజన్‌లోనే మొదలుపెట్టాలి. కాకపోతే మీరు చెప్పిన వరస మారాలి. ఎవరైనా ఇలాంటి ప్రాజెక్టు చూపిస్తే నేను ముందు అడిగేవి రెండే. ఎన్ని తల్లి చెట్ల నుంచి తెచ్చారు? ఫ్రీజ్ చేసిన ముక్కను మళ్లీ వేళ్లున్న మొక్కగా మట్టిలో నిలబెట్టి చూశారా? ఎన్ని వేల మొక్కలు తయారయ్యాయి, ట్యాంకులో ఎన్ని ట్యూబులున్నాయి అన్నవి ఆ తర్వాతి సంగతులు.

"ఒకట్రెండు చెట్ల నుంచి" అని మీరు రాసిన చోటే నాకు టెన్షన్ మొదలైంది. ఎన్సెఫలార్టోస్ ఉడియై అనే సైకాడ్ (చూడటానికి తాటిలా ఉండే మొక్క) సంగతి చూడండి. 1895లో వృక్షశాస్త్రవేత్త జాన్ మెడ్లీ వుడ్ దాన్ని దక్షిణాఫ్రికాలోని ఒంగోయె అడవిలో చూశాడు. దొరికింది ఒకే ఒక్క మొక్క, అదీ మగది. సైకాడ్లలో ఆడ, మగ మొక్కలు వేరువేరుగా ఉంటాయి. ఆ ఒక్కదాని పిలకలు ఇవాళ ప్రపంచంలో ఎన్నో బొటానికల్ గార్డెన్లలో ఆరోగ్యంగా పెరుగుతున్నాయి. కానీ అన్నీ ఆ మగ మొక్క నకళ్లే. ఆడ మొక్క ఇంతవరకూ దొరకలేదు, కాబట్టి దానికి సొంత విత్తనం లేదు. లక్ష నకళ్లు చేసినా ఈ స్థితి మారదు. మీ చెట్టు విషయంలో ఇంకా కొన్ని పదుల చెట్లు బతికే ఉన్నాయి. వాటిలో ఒక్కటి పడిపోయినా దాని జన్యువులు దానితోనే పోతాయి. అందుకే ఒక చెట్టు నుంచి వెయ్యి మొక్కలు చేయడం కంటే, ఎన్ని చెట్లు అందితే అన్నింటి నుంచీ పదేసి మొక్కలు చేయడం ఎన్నో రెట్లు మేలు.

ఎన్ని చెట్లు కావాలంటే, సంరక్షణలో తరచూ వాడే అంకె 50. ఒక సమూహంలో నూటికి ఐదు కన్నా ఎక్కువ స్థాయిలో ఉన్న జన్యు రూపాలు దాదాపు అన్నీ మన సేకరణలోకి రావాలంటే, ఒకదానికొకటి సంబంధం లేని ఓ 50 చెట్ల నుంచి తీసుకోవాలని లెక్క. మీకు అన్ని చెట్లే లేకపోతే ఉన్నవాటన్నింటినీ తీసుకోండి. ఏ తల్లి చెట్టు విత్తనాలను ఆ చెట్టు కవరులోనే ఉంచండి. అన్నీ కలిపి ఒకే సంచిలో పోస్తే ఏది ఎవరి సంతానమో తర్వాత ఎప్పటికీ తేల్చలేరు. పండిన విత్తనాల్లో ఐదో వంతుకు మించి తీసుకోకండి, అడవికి దాని వాటా మిగలాలి. అనుమతి పత్రాలు, హెర్బేరియం నమూనా (గుర్తింపు కోసం ఎండబెట్టి దాచిన కొమ్మ), చెట్టు ఉన్న చోటి కచ్చితమైన గుర్తులు మొదటి రోజు నుంచే ఉండాలి.

ఇక విత్తనాల సంగతి. "కొద్ది వారాలకే చచ్చిపోతాయి" అన్న మాటను పరీక్ష లేకుండా నమ్మకండి. పచ్చికాయలు కోసినా, ప్లాస్టిక్ సంచిలో ఎండలో తిప్పినా, బూజు పట్టనిచ్చినా ఏ విత్తనమైనా చచ్చిపోతుంది. తప్పు సేకరణది, నింద జాతి మీదికి వస్తుంది. చాలా మొక్కల విత్తనాలు ఎండును, అంటే ఆరిపోవడాన్ని, తట్టుకుంటాయి. వాటిని 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 15 శాతం గాలి తేమలో నెమ్మదిగా ఆరబెట్టి, మైనస్ 18 నుంచి మైనస్ 20 డిగ్రీల మధ్య దాస్తే దశాబ్దాలు నిలుస్తాయి. విత్తనంలో తేమ ఒక్క శాతం తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపు, నిల్వ ఉష్ణోగ్రత ఐదు డిగ్రీలు తగ్గితే మళ్లీ రెట్టింపు అని విత్తన శాస్త్రవేత్త హారింగ్టన్ చెప్పిన మోటు లెక్క ఒకటుంది. ఒక పరిధి వరకే వర్తించినా దిశ మాత్రం సరైనదే. నార్వేలోని స్వాల్‌బార్డ్ విత్తన ఖజానా, లండన్ క్యూ గార్డెన్స్ వారి మిలీనియం సీడ్ బ్యాంక్ నడిచేది ఈ సూత్రం మీదే.

మామిడి, పనస, రబ్బరు, కోకో లాంటివి వేరు. వాటి విత్తనం తల్లి చెట్టు మీద ఉన్నంతసేపూ తడిగా, చురుగ్గా ఉంటుంది. ఆరబెడితే చస్తుంది, ఆరబెట్టకుండా ఫ్రీజ్ చేస్తే మంచు కణాలు దాని కణాలను చీల్చేస్తాయి. వీటిని రికాల్సిట్రంట్ విత్తనాలు అంటాం. ఉష్ణమండల జాతుల్లో కొన్నింటిని మామూలు ఫ్రిజ్‌లో పెట్టినా దెబ్బతింటాయి. ఈ రెండు గుంపుల మధ్య కాఫీ లాంటివి ఉన్నాయి, కొంతవరకు ఎండును ఓర్చుకుంటాయి, చలికి తట్టుకోలేవు. హవాయి దీవుల్లోని కొన్ని అరుదైన జాతుల విత్తనాలైతే ఆరబెట్టినప్పుడు బాగానే ఉండి, మైనస్ 18లో పెడితే త్వరగా పాడవుతాయి, 5 డిగ్రీల దగ్గరే ఎక్కువ కాలం ఉంటాయి. క్యూ పరిశోధకులు 2018లో వేసిన అంచనా ప్రకారం, తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల్లో దాదాపు 36 శాతానికి రికాల్సిట్రంట్ విత్తనాలే ఉన్నాయి. అంటే మామూలు విత్తన బ్యాంకు చేయగలిగింది లేదు. మీరు ల్యాబ్ దారి పట్టాల్సి వస్తే అందుకు అసలైన కారణం ఇదే కావాలి.

పరీక్ష పెద్ద కష్టం కాదు. తాజా విత్తనాల్లో కొన్నింటిని వెంటనే మొలకెత్తించండి. మిగిలినవాటిని తేమ 10 నుంచి 12 శాతానికి వచ్చేలా ఆరబెట్టి కొన్ని నాటండి. బతికితే ఇంకో భాగాన్ని 5 శాతం దాకా ఆరబెట్టి నాటండి. అప్పుడూ బతికితే ఆ ఎండినవాటినే మూడు నెలలు మైనస్ 20లో ఉంచి చూడండి. ఎక్కడ ఆగిపోతే అదే మీకు జవాబు. ఆరబెట్టని విత్తనాలను అంతే కాలం తడి ఇసుకలో పక్కన ఉంచడం మరవకండి. లేకపోతే చచ్చింది ఎండుకా, వయసుకా అన్నది తేలదు.

ఇంకో మాట కూడా ల్యాబ్‌కు ముందే. కొమ్మ కటింగులకు వేళ్లు వస్తాయేమో చూశారా? 1994లో ఆస్ట్రేలియాలో బయటపడ్డ వోలెమీ పైన్ చెట్లు అడవిలో వంద కూడా లేవు. ఇవాళ అది ప్రపంచమంతా తోటల్లో పెరుగుతున్నది ప్రధానంగా కటింగుల వల్లే. చవకైన దారి పనిచేస్తున్నప్పుడు దాన్ని వదిలేసి గాజు సీసాల్లోకి దూకడం నాకు సబబు అనిపించదు.

సరే, ల్యాబే దారి అని తేలింది అనుకుందాం. పెద్ద చెట్టు నుంచి నేరుగా తెచ్చిన కణుపులతో మొదలుపెడితే రెండు శత్రువులు ఎదురవుతాయి. ఒకటి, లోపల దాక్కున్న బ్యాక్టీరియా, శిలీంధ్రాలు. సోడియం హైపోక్లోరైట్‌తో పైపైన ఎంత కడిగినా అవి పోవు, కొన్ని వారాలకు కణుపు మొదట్లో తెల్లటి వలయంలా పైకి తేలుతాయి. రెండు, ఫినాల్స్ అనే మొక్క రసాయనాలు. కోసిన చోటి నుంచి కారి, గాలి తగిలి నల్లబడి, మీడియాన్ని (ముక్కకు తిండి అందించే జెల్లీని) పాడుచేసి ముక్కను చంపేస్తాయి. రెండింటికీ మందు చాలావరకు తల్లి మొక్క దగ్గరే ఉంది. అడవి చెట్టు నుంచి అంటు కట్టుకుని గానీ, చెట్టు మొదట్లో వచ్చే కొత్త చిగుళ్లను తీసుకుని గానీ, షేడ్ హౌస్‌లో పెంచి, ఆకుల మీద నీళ్లు పడకుండా మొదట్లోనే పోస్తూ ఉండండి. అలా వచ్చిన లేత రెమ్మలు శుభ్రంగా ఉంటాయి, పైగా ముదురు కొమ్మల కంటే ఎంతో సులువుగా స్పందిస్తాయి. నల్లబడటానికి ఆస్కార్బిక్ ఆమ్లం, సిట్రిక్ ఆమ్లం ద్రావణంలో కోయడం, మొదటి కొద్ది రోజులు చీకట్లో ఉంచి వెంటవెంటనే కొత్త మీడియంలోకి మార్చడం ఉపయోగపడతాయి. యాక్టివేటెడ్ చార్కోల్ కూడా పనిచేస్తుంది, కానీ అది హార్మోన్లను కూడా పీల్చేసుకుంటుందని గుర్తుంచుకోండి.

అందరూ ఎంఎస్ మీడియంతో మొదలుపెడతారు. మురాషిగే, స్కూగ్ 1962లో దాన్ని తయారుచేసింది పొగాకు కణజాలం కోసం. అందులో అమ్మోనియం, నైట్రేట్ బాగా ఎక్కువ. చాలా చెట్ల జాతులకు అది పడదు, చిగురు కొనలు మాడిపోతాయి, ఆకులు గాజులా నీరుపట్టిపోతాయి. సగం బలం ఎంఎస్‌ను గానీ, చెక్క మొక్కల కోసం చేసిన డబ్ల్యూపీఎంను గానీ పక్కపక్కనే పెట్టి చూడండి. చిగుళ్లు రప్పించే హార్మోన్ సైటోకైనిన్‌ను తక్కువ మోతాదుతో మొదలుపెట్టండి. ఎక్కువ వేస్తే సీసా నిండా చిగుళ్లు వచ్చి ఫొటోకు బాగుంటుంది, ఆ చిగుళ్లకు తర్వాత వేళ్లు రావు.

కాలస్ జోలికి మాత్రం వెళ్లకండి. కాలస్ అంటే ఏ అవయవంగానూ మారకుండా ముద్దలా పెరిగిన కణాలు. దాని నుంచి మొక్కలు చేయడం త్వరగా అవుతుంది, కానీ ఆ దారిలో జన్యు మార్పులు చొరబడతాయని 1981లో లార్కిన్, స్కౌక్రాఫ్ట్ అనే శాస్త్రవేత్తలు రాసినప్పటి నుంచి అందరికీ తెలుసు. కొత్త రకం సృష్టించాలనుకునే వారికి ఆ మార్పులు పనికొస్తాయేమో. ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడాల్సిన మనకు అవి నష్టమే. కణుపులో ముందే ఉన్న మొగ్గను మేల్కొలపడమే సురక్షితం. వేరే దారి లేనప్పుడు మాత్రమే కాలస్.

అసలు నష్టం ఎక్కువగా జరిగేది సీసా నుంచి మట్టిలోకి మార్చేటప్పుడు. సీసాలో గాలి నూటికి నూరు శాతం తేమతో ఉంటుంది, తిండి చక్కెర రూపంలో అందుతుంది. అక్కడ పెరిగిన ఆకు మీద మైనపు పొర పలచగా ఉంటుంది, పత్రరంధ్రాలు సరిగ్గా మూసుకోవు. బయట పెట్టిన గంటల్లోనే మొక్క వాడిపోతుంది. తేమను వారాల పాటు కొద్దికొద్దిగా తగ్గించాలి, కొత్త ఆకులు వచ్చేదాకా పాత ఆకుల మీద నమ్మకం పెట్టుకోకూడదు. అడవి చెట్లకు వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రాలు తోడుంటాయి, సీసాలో అవి ఉండవు. సొంత చెట్టు కింది మట్టిని కొంచెం కలిపితే చాలా జాతులు కోలుకుంటాయి, కానీ ఆ మట్టిలో వేరుకుళ్లు తెగులు లేదని ముందు తేల్చుకోవాలి. ఈ దశ దాటే మొక్కల శాతాన్ని రాసిపెట్టుకోండి. సీసాలో ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఈ అంకే మీ ప్రాజెక్టు నిజమైన స్థాయి.

ఇప్పుడు లిక్విడ్ నైట్రోజన్. మైనస్ 196 డిగ్రీల దగ్గర కణంలో జరిగే రసాయన చర్యలు ఆగిపోయినట్టే, అందుకే సిద్ధాంతపరంగా నిల్వకు కాలపరిమితి లేదు. చిక్కంతా అక్కడికి వెళ్లడంలో, అక్కడి నుంచి రావడంలో ఉంది. కణంలోని నీరు మంచు స్ఫటికంగా మారితే పొరలు చిరిగిపోతాయి. నీటిని కొంత బయటకు లాగేసి, మిగిలినదాన్ని చిక్కబరిచి, స్ఫటికం ఏర్పడే వ్యవధి ఇవ్వకుండా చప్పున చల్లబరిస్తే అది గాజులాంటి స్థితిలో ఘనీభవిస్తుంది. దీన్నే విట్రిఫికేషన్ అంటారు. జపాన్ శాస్త్రవేత్త అకీరా సకాయ్ 1960లో మల్బరీ రెమ్మలను లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచి బతికించి ఈ రంగానికి దారి వేశాడు. 1990లో ఆయన బృందం ప్రకటించిన పీవీఎస్2 అనే విట్రిఫికేషన్ ద్రావణాన్ని ఇప్పటికీ అన్నిచోట్లా వాడుతున్నారు. అందులో 30 శాతం గ్లిసరాల్, 15 శాతం ఇథిలీన్ గ్లైకాల్, 15 శాతం డీఎంఎస్‌ఓ, 0.4 మోలార్ సుక్రోజ్ ఉంటాయి.

పద్ధతి మాటల్లో తేలికే. సీసాలో పెరిగిన ఆరోగ్యమైన చిగుళ్లను ఒకట్రెండు రోజులు చక్కెర ఎక్కువున్న మీడియంలో అలవాటు చేస్తారు. మైక్రోస్కోప్ కింద సుమారు ఒక మిల్లీమీటరు కొనను, రెండు మూడు ఆకు మొలకలతో సహా కోస్తారు. గ్లిసరాల్, సుక్రోజ్ ద్రావణంలో 20 నిమిషాలు, తర్వాత సున్నా డిగ్రీల దగ్గర పీవీఎస్2లో జాతిని బట్టి పావు గంట నుంచి గంట దాకా ఉంచుతారు. చిన్న అల్యూమినియం ఫాయిల్ ముక్క మీద చుక్కలో పెట్టి నేరుగా ముంచేస్తారు. తిరిగి తీసేటప్పుడు ఫాయిల్‌ను గది ఉష్ణోగ్రతలోని 1.2 మోలార్ సుక్రోజ్ ద్రావణంలో వేస్తే క్షణాల్లో కరుగుతుంది, విషపూరితమైన రసాయనాలు కడుక్కుపోతాయి. తర్వాత కొన్ని రోజులు చీకటి. కొన్ని జాతుల్లో మొదటి వారం అమ్మోనియం లేని మీడియం వాడితే బతికే శాతం బాగా పెరుగుతుంది.

మీరు ఎక్కువ సమయం పెట్టాల్సింది పీవీఎస్2లో ఎన్ని నిమిషాలు అన్న దాని మీద. తక్కువైతే మంచు చంపుతుంది, ఎక్కువైతే ద్రావణమే చంపుతుంది. అందుకే నైట్రోజన్‌లో ముంచని కొనలను కూడా అన్ని దశలూ దాటించి పక్కన ఉంచాలి. అవి కూడా చచ్చిపోతుంటే సమస్య చలిలో లేదు. ఇంకొకటి, పచ్చగా ఉన్న కొనను బతికినట్టు లెక్కేయకండి. పచ్చదనం వారాల తరబడి ఉండి అక్కడే ఆగిపోవచ్చు, లేదా కాలస్ ముద్దగా మారవచ్చు. ఆకులతో కొత్త రెమ్మ లేచి, దానికి వేళ్లు వచ్చినప్పుడే లెక్క.

విత్తనం పెద్దదై చిగురు కొనలు దొరకని పరిస్థితి అయితే పిండాక్షం (విత్తనంలో మొలకగా మారే భాగం) దారి ఉంది. బీజదళాలు తీసేసి, మధ్యలోని చిన్న పిండాక్షాన్ని మాత్రమే వేగంగా వీచే పొడిగాలిలో నిమిషాల్లో ఆరబెట్టి ముంచుతారు. మొత్తం విత్తనం ఓర్చుకోలేని ఎండును, వేగంగా జరిగితే ఆ చిన్న ముక్క ఓర్చుకుంటుంది. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో శాస్త్రవేత్తలు ప్యాట్రీషియా బెర్జాక్, నార్మన్ పామెంటర్ ఏళ్ల తరబడి చేసిన పని దీనికి ఆధారం. కోసిన గాయానికే చిగురు భాగం చచ్చి వేరు మాత్రమే పెరగడం ఇక్కడ ఎదురయ్యే మొండి సమస్య. బీజదళం ముక్క కొంచెం అంటిపెట్టి కోయడం, యాంటీఆక్సిడెంట్ ద్రావణంలో ఉంచడం కొన్ని జాతుల్లో పనిచేశాయి. పిండాక్షంలో లాభం ఏమిటంటే ప్రతిదీ వేరే జన్యు కలయిక. చిగురు కొనలు నకళ్లే, ఇవి కావు. దొరికితే నేను రెండు దారులూ నడుపుతాను.

ఎన్ని కొనలు దాచాలన్నది ఊహతో తేల్చకండి, లెక్క ఉంది. పదిలో నాలుగు తిరిగి లేస్తున్నాయనుకోండి. ఒక తల్లి చెట్టు నుంచి 10 కొనలు తీస్తే కనీసం ఒక్కటైనా బతికే అవకాశం 99 శాతం దాటుతుంది. అదే పదిలో ఒకటే లేస్తుంటే ఆ భరోసాకు 44 కొనలు కావాలి. అందుకే చాలా బ్యాంకులు 40 శాతం దగ్గర గీత గీసుకుంటాయి. అరుదైన జాతికి 40 వచ్చేదాకా ఆగాలని నేను అనను. 15 శాతం ఉన్నా ఎక్కువ కొనలు పెట్టి మొదలుపెట్టండి, పద్ధతి మెరుగయ్యాక మళ్లీ పెట్టండి. చెట్టు మీ కోసం ఆగదు. ఒక జాతిలోనే ఒక చెట్టు కొనలు 60 శాతం లేచి, పక్క చెట్టువి అసలు లేవకపోవచ్చు కూడా. ప్రతి తల్లి చెట్టుకూ విడిగా కొన్ని కొనలను వెంటనే కరిగించి చూడటం అందుకే.

ట్యాంకు విషయంలో రెండు కచ్చితమైన నియమాలు. నైట్రోజన్ ఆవిరిలో నిల్వ చేస్తే ఉష్ణోగ్రత మైనస్ 130కు పైకి రాకూడదు, పీవీఎస్2 గాజు స్థితి మైనస్ 115 ప్రాంతంలో కరగడం మొదలవుతుంది. రెండోది మనుషుల ప్రాణం. ఒక లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుంది. కిటికీలు మూసిన చిన్న గదిలో అది ఆక్సిజన్‌ను తోసేస్తుంది. వాసన ఉండదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు, మనిషి ఉన్నట్టుండి పడిపోతాడు. ఆక్సిజన్ మానిటర్, గాలి వచ్చే గది లేకుండా ట్యాంకు తెప్పించకండి. నైట్రోజన్ క్రమంగా సరఫరా అవుతుందన్న భరోసా లేకపోతే ఇప్పటికే నడుస్తున్న జీన్ బ్యాంకుతో ఒప్పందం చేసుకుని అక్కడ దాచడం మేలు. రెండో చోట నకలు ఎలాగూ కావాలి. బెల్జియంలోని ల్యూవెన్‌లో 1,500కు పైగా అరటి రకాల సేకరణ ఉంది. దాన్ని నడిపేవారు కూడా ఫ్రీజ్ చేసినవాటి నకలును ఫ్రాన్స్‌లో ఉంచుకున్నారు.

ఇదంతా చేస్తే అడవిలో చెట్టు అక్కర్లేదా అంటే, మీ చెట్టు ఎందుకు తగ్గిపోతోంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆస్ట్రేలియాలో 2010లో మిర్టిల్ రస్ట్ అనే తెగులు అడుగుపెట్టాక, అంతకుముందు మామూలుగా కనిపించే రోడోమిర్టస్ సిడియాయిడిస్ అనే చెట్టు కొన్నేళ్లలోనే అంతరించే స్థితికి వచ్చింది. తెగులు లేత చిగుళ్లనే పట్టడంతో కాయలు కాయడం లేదు, సేకరించడానికి విత్తనమే లేకుండా పోయింది. అలాంటి చోట ల్యాబ్ తప్ప వేరే ఆశ్రయం లేదు, తట్టుకునే మొక్క దొరికేదాకా దాచి ఉంచాల్సిందే. మీ దగ్గర కారణం పశువుల మేతో, నరుకుడో, పరాగసంపర్కం చేసే పురుగు లేకపోవడమో అయితే సీసాలో పని జరుగుతుండగానే కంచె వేయడం, చేతితో పరాగం అద్దడం కూడా మొదలవ్వాలి. చేతి పరాగసంపర్కంతో వచ్చే విత్తనం ల్యాబ్‌కూ ఉత్తమమైన ముడిసరుకు.

2012లో రష్యా పరిశోధకులు కొలీమా ప్రాంతపు శాశ్వత మంచులో సుమారు 30,000 ఏళ్లు ఉన్న సైలీన్ స్టెనోఫిల్లా అనే పూల మొక్క కాయల నుంచి మొక్కలు మొలిపించారు. ఈ వార్త చూసి "చలి ఉంటే చాలు" అనుకునేవారు చాలామంది. అక్కడ మొక్కలు వచ్చింది విత్తనాల నుంచి కాదు, కాయలోని కణజాలాన్ని టిష్యూ కల్చర్‌లో పెంచితే వచ్చాయి. పెంచే పద్ధతి చేతిలో ఉంది కాబట్టి ఆ చలి పనికొచ్చింది.

కాబట్టి మీ వరస ఇలా పెట్టుకోండి. ఈ కాయల కాలంలో చెట్లన్నింటికీ నంబర్లు వేసి, తల్లి చెట్టువారీగా విత్తనాలు తెచ్చి ఎండు పరీక్ష చేయండి, అప్పుడే కొన్ని మొక్కలను కుండీల్లో పెంచండి. వాటి లేత రెమ్మలతో కల్చర్ మొదలుపెట్టి, వేళ్లు రప్పించి మట్టిలో నిలబెట్టడం వచ్చాకే నైట్రోజన్ దగ్గరికి వెళ్లండి. పీవీఎస్2 నిమిషాలను అడవి చెట్ల ముక్కల మీద కాకుండా ఆ కుండీ మొక్కల కొనల మీదే తేల్చుకోండి. ఎండు పరీక్షలో విత్తనం ఏ తేమ దగ్గర చచ్చిందో రాయండి. చిగురు కొనతో వెళ్లాలా, పిండాక్షంతో వెళ్లాలా అన్నది దాన్ని చూసి తేల్చుకోవచ్చు.